పసుపు పూసిన పానా

పేటెంట్ ఏజెంటు పరీక్ష పాసైన పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. వనస్థలిపురంలో బస్సు దిగి, నాలుగు చోట్ల దారి అడిగి, ఆపసోపాలు పడుతూ చేరతారు. మంచినీళ్ళు తాగాక అందరూ అడిగేది ఒకటే: "మంచి కేసులు ఎలా వస్తాయి మేడం?" నాకు ఒళ్ళు మండుతుంది. కేసులు తెచ్చుకోవడం ఎలాగో చెప్పేవాళ్ళు ఊరి నిండా ఉన్నారు. చేతికొచ్చిన మంచి కేసును ఎలా పాడుచేసుకోవచ్చో చెప్పడానికి నాలాంటిది ఒకతె ఉండాలి కదా. అందుకని ఇది రాస్తున్నాను.

ఈ పనిలో ఏముంది

దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు మీద, బట్టల దుకాణం పై అంతస్తులో, రెండు బల్లలు పట్టే గదిలో నా ఉద్యోగ జీవితం దాదాపు అంతా గడిచింది. మెట్రో స్తంభాలు రాకముందు కిటికీలోంచి ఎదుటి వరుస దుకాణాలు కనిపించేవి. తర్వాత స్తంభం ఒక్కటే కనిపించేది.

పేటెంటు అంటే పెద్ద రహస్యమేమీ కాదు. నువ్వు ఒక కొత్త వస్తువు చేశావు. దాన్ని చేసే హక్కు కొన్నేళ్ళపాటు నీ ఒక్కడిదే అని ప్రభుత్వం ఒక కాగితం ఇస్తుంది. దానికి ఒక షరతు ఉంది. నువ్వు దరఖాస్తు పెట్టే రోజుకు ఆ వస్తువు సంగతి లోకానికి తెలిసి ఉండకూడదు. తెలిసిపోతే అది అందరిదీ అయిపోతుంది. ఆ దరఖాస్తు రాసిపెట్టే మనిషి పేటెంట్ ఏజెంటు. పేటెంట్ ఆఫీసు కాదంటే అప్పీలు హైకోర్టుకు వెళ్తుంది. అక్కడ వాదించడానికి మనం పనికిరాం, వకీలు కావాలి. మనం ఆయన వెనక కూర్చుని కాగితాలు అందించాలి. నల్లకోటు లేదని చిన్నబుచ్చుకునేవాళ్ళు ఈ పనిలోకి రాకండి.

మా పెద్దాయన గురించి కూడా చెప్పాలి. నేను గుంటూరు వైపు నుంచి ఇంజనీరింగ్ చదివి వచ్చి, మొదట ఆయన దగ్గర చేరాను. మహా కోపిష్టి. చేరిన వారానికి కూరగాయలు తరిగే మర మీద దరఖాస్తు రాసి చూపించాను. కాగితం చదివి, బల్ల మీద పెట్టి, వంటగదిలోంచి ఉల్లిపాయల బుట్ట తెప్పించారు. "ఆ మరతో తరుగమ్మా" అన్నారు. ఆఫీసు అంతా చూస్తుండగా ఏడుస్తూ తరిగాను. సగం బుట్ట అయ్యాక గానీ నాకు తెలియలేదు, ఆ మరలో గొప్పతనం కత్తిలో లేదని, ముక్కలు ఇరుక్కోకుండా తోసే చిన్న రేకులో ఉందని. నేను కత్తి గురించి మూడు పేజీలు రాసి, రేకును ఒక్క మాటలో తేల్చేశాను. ఆ తర్వాత ఏ వస్తువునూ చేత్తో వాడకుండా దాని గురించి రాయలేదు.

ఆయన దగ్గర ఇంకొకటి కూడా అంటుకుంది. ఒక్క తప్పు కూడా లేకుండా, బొమ్మ దగ్గర్నుంచి చివరి వాక్యం దాకా చెక్కి చెక్కి పంపడం. అందరూ మెచ్చుకునేవారు. నేనూ మురిసిపోయేదాన్ని.

కొక్కెం పానా

యాదగిరి వినాయక నిమజ్జనాలు అయిన వారానికి వచ్చాడు. నలభై దాటిన ప్లంబరు. నల్గొండ దగ్గర పల్లె నుంచి చిన్నప్పుడే వచ్చి ఎల్బీ నగర్ చుట్టుపక్కల కాలనీలన్నిటికీ పైపులు వేశాడు. గోనెసంచిలోంచి మూరెడు ఇనుప కడ్డీ తీసి నా బల్ల మీద పెట్టాడు. పైకొనకు ఒక దవడ, కింద ఒక పిడి ఉన్నాయి.

"ఏంటిది?" అన్నాను.

"కొక్కెం పానా మేడం. వాష్ బేసిన్ కింద పండుకుని నల్లా ఇప్పేది ఎప్పుడన్న చూసిన్రా?"

చూడలేదన్నాను. ఎల్బీ నగర్‌లో ఒక ఫ్లాటుకు తీసుకెళ్ళాడు. ఆ ఇంటావిడకు నేనెవరో ఏం చెప్పాడో గానీ, చీరకట్టుతో బేసిన్ కింద వెల్లకిలా పడుకున్న నన్ను చూసి ఆమె నోరు తెరిచేసింది. కుళాయిని పట్టి ఉంచే నట్టు బేసిన్‌కీ గోడకీ మధ్య ఇరుకులో ఉంటుంది. చెయ్యి దూరదు. మామూలు పానాతో కాస్త తిప్పి, తీసి, మళ్ళీ తగిలించి, మళ్ళీ తిప్పాలి. దవడ జారినప్పుడల్లా వేలి కణుపులు గోడకు గీసుకుంటాయి. అయిదు నిమిషాల్లో నా చేతికి రక్తం కారింది.

"గిప్పుడు గిది పట్టున్రి" అని తన పానా అందించాడు. తగిలించాను. ఇటు తిప్పితే పట్టుకుంటుంది, అటు తిప్పితే వదులుతుంది. తీసే పనే లేదు. విప్పడం మానేసి బిగించాలంటే పైకి చెయ్యి పెట్టక్కర్లేదు, కింద పిడిని చిన్నగా మెలిపెడితే దవడ దిక్కు మారుతుంది. అదంతా దవడ లోపల దాగి ఉన్న గోరంత ఇనుప నాలుక మహిమ. సైకిలు వెనక చక్రంలో పళ్ళు చూసి ఆలోచన వచ్చిందట.

"బాబోయ్, భలే చేశావయ్యా" అన్నాను కిందనుంచే.

"భుజం పోయింది మేడం. డాక్టరు ఇగ పండుకుని పని చెయ్యొద్దన్నడు. గిది నేనే తయారుజేసి ఇద్దామనుకుంటున్న. చంపాపేట్‌ల చిన్న షెడ్డు చూసిన. గిదొక్కటే ఉన్నది నా దగ్గర."

ఆ పానా అతని చేతిలో ఉంటే ఇల్లు నడుస్తుంది, లేకపోతే లేదు. ఇది నాకు మొదటి రోజే తెలుసు. అందుకే తర్వాత జరిగినదానికి నన్ను నేను క్షమించుకోలేకపోయాను.

నేను అడగని ప్రశ్న

ఆఫీసుకు వచ్చాక మామూలుగా అడగవలసినవి అడిగాను. ఎవరికైనా అమ్మావా? లేదు. ఎక్కడైనా అచ్చు వేయించావా? లేదు. ఎవరికైనా కాగితం మీద రాసిచ్చావా? లేదు. "దరఖాస్తు పడేదాకా అమ్మకు, అచ్చు వేయించకు" అని చెప్పి పంపేశాను.

ఇక్కడ నా తప్పు వివరంగా చెప్తాను, వినండి. తాత్కాలిక దరఖాస్తు అని ఒకటి ఉంది. వస్తువు సంగతి నాలుగు పేజీల్లో రాసి, ఆ రోజే దాఖలు చేసి, తేదీ ఖాయం చేసుకోవచ్చు. పూర్తి వివరం ఏడాదిలోగా ఇవ్వొచ్చు. యాదగిరి వచ్చిన సాయంత్రమే నేనది వేసి ఉండాలి. వెయ్యలేదు. వస్తువు అంత ముచ్చటగా ఉంది, దరఖాస్తు కూడా అంత ముచ్చటగా ఉండాలనుకున్నాను. నాలుక బొమ్మ మూడుసార్లు గీయించాను. పళ్ళ కోణం గురించి ఒక పేరా వారం రోజులు తిప్పి తిప్పి రాశాను. దసరా వచ్చింది, వెళ్ళింది. దీపావళి వచ్చింది, వెళ్ళింది. ఇంకా కొన్నాళ్ళు గడిచాక గానీ దాఖలు చెయ్యలేదు. ఎవరూ తప్పు పట్టలేని దరఖాస్తు అది, ఒక్క తేదీ తప్ప. అది పడ్డాక యాదగిరి షెడ్డు తెరిచి పానాలు చేసి అమ్మడం మొదలుపెట్టాడు.

ఏడాదిన్నర తర్వాత పేటెంట్ ఆఫీసు నుంచి పరీక్ష నివేదిక వచ్చింది. ఇలాంటి సాధనమే, లోపలి నాలుకతో సహా, పక్క రాష్ట్రంలో కుళాయిలు చేసే ఒక కంపెనీ మాకంటే నెలన్నర ముందు దాఖలు చేసిందట. తేదీలు చూసి కంట్రోలరు, అంటే అక్కడ తేల్చే అధికారి, మా దరఖాస్తు కాదన్నారు. ఆయన తప్పేమీ లేదు, నేనైనా అదే చేసేదాన్ని. వాళ్ళకు పేటెంటు వచ్చింది. వచ్చిన నెలలోపే యాదగిరికి వకీలు నోటీసు వచ్చింది, ఆ పానా తయారీ ఆపమని.

నోటీసు పట్టుకుని నా గదికి వచ్చాడు. దిల్‌సుఖ్‌నగర్‌లో హార్డ్‌వేర్ దుకాణం శేషారావు గారు, పదేళ్ళ పరిచయం ఉన్న మనిషి, కొక్కేనికి వేలాడుతున్న అతని పానాలన్నీ తీసి సంచిలో వేసి చేతికిచ్చారట.

"కాపీ అంట మేడం. నేను గా కంపెనీది జూసి కాపీ కొట్టిన్నంట. గందరి ముందట అన్నడు. నేను తయారుజెయ్యకపోతే పాయె, కూలికన్న పోత. గనీ నా పానాకు నేనే దొంగనా?"

కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. నాకు ఏం చెయ్యాలో తోచక ఫ్యాను పెంచాను.

పూజలో పెట్టిన పానా

మన వైపు దరఖాస్తులు చూసే పేటెంట్ ఆఫీసు చెన్నైలో ఉంది కాబట్టి, అక్కడే వకీలుని పెట్టి హైకోర్టులో అప్పీలు వేశాం. దాంతోపాటు కంపెనీ పేటెంటు రద్దు చేయమని ఇంకో పిటిషను వేశాం. రెండూ కలిపి వింటామన్నారు. ఆ నెలన్నర ముందు అసలు కంపెనీకి ఈ నాలుక సంగతి ఎలా తెలిసింది? అది తేలితే తప్ప మాకు దారి లేదు.

"బాగా గుర్తు తెచ్చుకో. ఎవరికైనా చూపించావా?"

"ఎవరికి జూపిస్త మేడం? పూజల వెట్టిన అంతే."

"ఏ పూజ?"

"దసరా పూజ. కొత్త పనిముట్టు అమ్మవారి ముందట పెట్టకుండ పనికి తియ్యం గద. శేషారావు సేటు దుకాన్ల పెద్దగ జేస్తరు. మా ప్లంబర్లందరం మా సామాన్లు ఆడనే పెడ్తం."

"మరి నాకు చెప్పలేదేం?"

"మీరు అమ్మినవా, అచ్చేసినవా అనే అడిగిన్రు. పూజల వెట్టినవా అని అడగలే గద."

నిజమే. ఆ ఆయుధపూజ రోజు మా ఇంట్లో మిక్సీకీ స్కూటరుకీ బొట్టు పెట్టిందీ, స్కూటరు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టిందీ నేనే. ప్లంబరు తన కొత్త పానాను ఎక్కడ పెడతాడో ఊహించడానికి పెద్ద చదువు అక్కర్లేదు. అడగాలని కూడా తట్టలేదు నాకు. నాకున్న ప్రశ్నల పట్టికలో అది లేదు మరి.

ఆ పూజకు కంపెనీ సేల్స్‌మన్ స్వీట్ డబ్బాతో వచ్చాడని తేలింది. అతనే మోసుకెళ్ళి చెప్పాడా? నాకు అనుమానమే గానీ రుజువు లేదు, ఇప్పటికీ లేదు. ప్లంబర్ల వాట్సాప్ గ్రూపులో ఆ రోజు ఫొటో దొరికింది. అమ్మవారి పటం ముందు పానాలు, రంపాలు, డ్రిల్లింగ్ మిషన్లు, వాటి మధ్య మన కొక్కెం పానా. కొన మీద ఇంత మందాన పసుపు, కుంకుమ, ఒక బంతిపువ్వు. నాలుక కనిపించదు.

చెన్నై వకీలు ఫోనులో రెండు ముక్కల్లో తేల్చేశారు. అంతమంది ముందు ఆ పానా బయటపడిందని, లోపలి సంగతి కూడా అక్కడున్నవాళ్ళకు తెలిసిందని రుజువైతే కంపెనీ పేటెంటు పోతుంది, ఎందుకంటే వాళ్ళు దాఖలు చేసేనాటికే అది లోకానికి తెలిసిపోయింది. కానీ అదే కారణానికి మన దరఖాస్తు కూడా పోతుంది. ప్రదర్శనలకు చట్టంలో ఒక మినహాయింపు ఉంది గానీ, అది ప్రభుత్వం ముందే ప్రకటించిన ప్రదర్శనలకు. శేషారావు గారి దుకాణంలో దసరా పూజ ఏ గెజిట్‌లో ఉంటుంది? "ఒకవేళ ఆ సేల్స్‌మన్‌కు ఒక్కడికే, ఎవరికీ చెప్పొద్దనే ఒప్పందం మీద చూపించి ఉంటే, వాళ్ళు చేసింది దొంగతనం కింద వస్తుంది, అప్పుడు మన దరఖాస్తు బతుకుతుంది" అని కూడా అన్నారాయన. అలా రాయమని ఆయన అనలేదు. అది నేను చేసిన పని.

ఒక వాక్యం

సిగ్గుపడుతూ చెప్తున్నాను. అఫిడవిట్ ముసాయిదాలో నేను ఒక వాక్యం రాశాను. సాధనం లోపలి నిర్మాణాన్ని ఆ సేల్స్‌మన్‌కు తప్ప, అదీ రహస్యంగా ఉంచుతానని మాట తీసుకున్నాక తప్ప, ఎవరికీ చూపలేదు అని. యాదగిరి ఇల్లు నిలబడాలి. పైగా నా ఆలస్యం ఆ వాక్యం కింద కప్పబడిపోతుంది. రెండో కారణం అప్పుడు నాకు నేను ఒప్పుకోలేదు.

సంతకానికి యాదగిరి, దేవదానం కలిసి వచ్చారు. దేవదానం యాదగిరికి పని నేర్పిన మేస్త్రీ. అరవై దాటినా ఇంకా పైపులు ఎత్తుతాడు. ఆదివారం చర్చికి, దసరాకు శేషారావు గారి దుకాణానికి తప్పకుండా వెళ్ళే మనిషి. నేను ఇంగ్లీషు కాగితాన్ని ఒక్కో వాక్యం తెలుగులో చదివి వినిపించాను. ఆ వాక్యం దగ్గరికి వచ్చేసరికి గొంతు కాస్త తగ్గించానేమో కూడా.

"గది మల్లొకసారి సదువున్రి" అన్నాడు యాదగిరి.

చదివాను.

"గట్ల కాదు గద మేడం. పసుపు వెట్టకముందే అందరు చేతులకు తీస్కుని చూసిన్రు. దవడ ఇప్పి చూపిచ్చిన. నాలుక పొడుగైంది, పట్టి ఆడ్తలేదు అని దేవదానమన్ననే జెప్పిండు. ఆడనే ఆకురాయితోటి రాకి కురుచ జేసిన."

"అవన్నీ ఎవరికి తెలుసు? ఫొటోలో కనిపించదు. ఇది రాస్తేనే నీ దరఖాస్తు నిలబడుతుంది. మొండికెయ్యకు, సంతకం పెట్టు." ఇది నేనన్న మాటే. ముప్పై ఏళ్ళ అనుభవం ఉన్న నేను.

"ఎవరికి తెలుసంటరేంది? మా అన్న ఈడనే కూసున్నడు. ఆయిన ముందట ఆయిన చూడలేదని సంతకం పెట్టమంటరా?"

దేవదానం తల వంచుకుని టీ గ్లాసు తిప్పుతూ ఉన్నాడు. "నన్ను ఇడిసిపెట్టురా. నీ ఇల్లు జూస్కో. నేను ఎవ్వరికి జెప్ప" అన్నాడు మెల్లగా.

"నువ్వు జెప్పవ్ అన్నా. నాకు తెల్సు. గందుకే పెట్ట."

ముసాయిదా నా వైపు నెట్టాడు. నాకు కోపం వచ్చింది, కోపం కంటే సిగ్గు ఎక్కువ వచ్చింది. కాగితాలు సొరుగులో పడేసి, మర్నాడు పొద్దున్నే కొత్తది రాశాను. జరిగింది జరిగినట్టు రాశాను. చెక్కడాలూ నగిషీలూ ఏమీ లేవు, రెండు గంటల్లో అయిపోయింది. ఇక కంపెనీ చేతిలోంచి ఆ పానాను విడిపించడం ఒక్కటే మాకు మిగిలింది. అది జరగాలంటే దేవదానం సాక్ష్యం చెప్పాలి.

సాక్ష్యం

చెన్నైలో కోర్టు నియమించిన కమిషనరు ముందు సాక్ష్యం. దేవదానం తెల్ల చొక్కా ఇస్త్రీ చేయించుకుని, రైల్లో రాత్రంతా దాన్ని కవరులోనే పెట్టుకుని, దిగాక తొడుక్కున్నాడు. వెళ్ళేముందే చెప్పాను, "మీరు ఔనంటే వాళ్ళదీ పోతుంది, యాదగిరిదీ పోతుంది" అని. యాదగిరి వైపు చూశాడు. యాదగిరి "ఉన్నది జెప్పు అన్నా" అన్నాడు.

కంపెనీ వకీలు చాలా మర్యాదస్తుడు. ఇంగ్లీషులో అడిగేవాడు, పక్కన ఒకమ్మాయి తెలుగులో చెప్పేది. ఫొటో చూపించి, "కొన మీద అంతా పసుపే. లోపల ఏముందో మీకు కనబడలేదు, అవునా?" అన్నాడు.

"ఫొటోల కనబడదు సార్. ముందుగాల నేను చేతుల పట్కుని చూసిన."

"చూస్తే అర్థమైపోతుందా?"

"ప్లంబరుకు గాకపోతే ఎవరికి అర్థమైతది సార్?" అని, అడగకుండానే బల్ల మీద కాగితం తీసుకుని నాలుక బొమ్మ గీసేశాడు. రాకిన చోట ఒక గీత కూడా పెట్టాడు. నేను మూడుసార్లు గీయించిన బొమ్మ కంటే అది బాగుంది.

వకీలు కాసేపు ఆ కాగితం చూశాడు. తర్వాత మెత్తగా అన్నాడు. "మీరు చెప్పినదాన్ని బట్టి మీ స్నేహితుడి దరఖాస్తు కూడా పోతుంది. అది తెలుసా మీకు?"

"తెల్సు సార్. మేడం జెప్పింది."

"అయినా అదే మాటా?"

"అయ్యింది అయ్యిందే గద సార్. నేనేం జెయ్యాలె?"

బయటికి వచ్చాక దేవదానం వరండాలో గోడకు ఆనుకుని నిలబడిపోయాడు. "నా చేతులతోటి వాని పొయ్యి ఆర్పినట్టయింది మేడం" అన్నాడు. యాదగిరి నీళ్ళ సీసా మూత తీసి ఇచ్చాడు. నేను పక్కకు తిరిగి నిలబడ్డాను.

తీర్పు

కొన్ని నెలలకు తీర్పు వచ్చింది. మా అప్పీలు కొట్టేశారు. కంపెనీ పేటెంటు రద్దు చేశారు. కారణం రెండిటికీ ఒకటే. ఆ పూజ రోజున యాదగిరి ఆ సాధనాన్ని అందరి ముందు పెట్టాడు, అంతకుముందు అలాంటిది మరెవరూ చేసినట్టు ఆధారం లేదు అని రాశారు.

యాదగిరిని పిలిచి చదివి వినిపించాను.

"అంటే నేను చేసుకోవచ్చా?"

"చేసుకోవచ్చు. నువ్వే కాదు, ఎవరైనా చేసుకోవచ్చు."

"వాళ్ళు గూడ?"

"వాళ్ళు కూడా."

"కాపీ కొట్టలేదని ఉన్నది గద అండ్ల?" అన్నాడు. ఉందన్నాను. ఆ పేజీ జిరాక్స్ అడిగాడు, శేషారావు గారికి ఇవ్వడానికి. ఇచ్చాను. లేవబోతుంటే కూర్చోమన్నాను. అప్పటిదాకా దాచినది చెప్పాను. నువ్వు వచ్చిన సాయంత్రమే నాలుగు పేజీలు రాసి వేసి ఉంటే, నువ్వు పూజలో పెట్టినా, ఎవరు చూసినా, ఆ పేటెంటు నీదే అయ్యేది. తప్పు పూజది కాదు, నాది. నేను బొమ్మలు గీయించుకుంటూ కూర్చున్నాను.

తిడతాడనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"గీ ముచ్చట గప్పుడే జెప్పాలె మేడం" అన్నాడు. "ఇన్నొద్దులు పూజల వెట్టుడే తప్పయిందని, అన్న నోటితోటే నాది పాయె అని, ఎంత పరేషానైన్నో తెల్సా మీకు?"

జిరాక్స్ కాగితం మడిచి జేబులో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

మీకు చెప్పవలసింది ఇక్కడే ఉంది. క్లయింటుకు నీ తప్పు చెప్పడం నష్టమని మీ సీనియర్లు అంటారు. అంటే అననివ్వండి. నేను రెండేళ్ళు ఆలస్యంగా చెప్పాను, ఆ రెండేళ్ళూ ఒక మనిషి తన దేవత మీద, తన గురువు మీద అనుమానపడుతూ బతికాడు. దరఖాస్తు బాగా రాయడం కంటే త్వరగా వేయడం ముఖ్యం. మనిషి ఏం చేస్తాడో అతని బతుకులోంచి అడగండి, మీ పట్టికలోంచి కాదు. పండుగలు అడగండి, పెళ్ళిళ్ళు అడగండి, వాట్సాప్ అడగండి. సరే, పాఠాలు చాలు.

ఆఖరి దరఖాస్తు

ఏడాది పైన గడిచింది. శేషారావు గారి దుకాణంలో కొక్కెం పానాలు మళ్ళీ వేలాడుతున్నాయని తెలుసు, ఆ దారిన వెళ్తూ చూశాను. కంపెనీవీ ఉన్నాయి, యాదగిరివీ ఉన్నాయి. షెడ్డు నడుస్తోంది, గొప్పగా కాదు. అతను మాత్రం నా మెట్లు ఎక్కలేదు. నేను గది ఖాళీ చేసి ఇంట్లో కూర్చోవాలని నిర్ణయించుకుని, బీరువాలోని పాత ఫైళ్ళు కట్టలు కడుతున్న రోజుల్లో ఒక మధ్యాహ్నం తలుపు దగ్గర నిలబడ్డాడు. చేతిలో తువ్వాలు చుట్టిన పొట్లం ఉంది.

"కూసోవచ్చా మేడం?"

"అదేం మాటయ్యా" అన్నాను.

తువ్వాలు విప్పాడు. గోడలో నల్లా మర విరిగి ముక్క లోపలే ఉండిపోతే, గోడ పగలగొట్టకుండా దాన్ని బయటికి లాగే చిన్న సాధనం. వేలెడంత ఉంది. తిప్పి చూశాను. రెండుసార్లు చూస్తే గానీ అందులో ఉన్న తెలివి తెలియలేదు. అడగవలసినవన్నీ అడిగాను, ఈసారి పండుగలతో సహా.

"ఎవ్వరికి జూపియ్యలే మేడం. పూజల వెట్టలే. ఇంట్ల నా భార్యకు గూడ ఏందో తెల్వదు." ఆగి, కిందకు చూస్తూ అన్నాడు, "దేవదానమన్నకు గూడ జూపియ్యలే. రెండు నెలలసంది దాస్తున్న. గాయిన షెడ్డుకొస్తే తువ్వాల కప్పుతున్న."

పని నేర్పిన మనిషి దగ్గర పానా దాచుకోవడం ఈ చట్టమూ నేనూ కలిసి అతనికి నేర్పాం. ఆ మాట అతనితో అనలేదు.

"ఇక్కడే కూర్చో. కదలకు" అన్నాను. కట్టలు పక్కకు నెట్టి కంప్యూటరు పెట్టాను. బొమ్మలు అతనిచేతే పెన్సిలుతో గీయించి, స్కాన్ చేసి ఎక్కించాను. భాష ఎలా వచ్చిందో చూసుకోలేదు. సాయంత్రం నాలుగున్నరకు దరఖాస్తు దాఖలైంది, రసీదు మీద నంబరూ తేదీ వచ్చాయి. రసీదు తీసి అతని చేతిలో పెట్టాను.

"అయిపోయిందా? గింతేనా?"

"ఇంతే. మొదటిసారి కూడా ఇంతే చెయ్యాల్సింది."

రసీదు అటూ ఇటూ తిప్పాడు. "గిప్పుడు ఎవరికన్న జూపియ్యొచ్చా?"

"ఎవరికైనా చూపించుకో. నడిరోడ్డు మీద చూపించుకో."

అప్పటికప్పుడు ఫోను తీశాడు. స్పీకరు పెట్టాడో, పొరపాటున నొక్కాడో తెలియదు, అవతలి గొంతు నాకు కూడా వినిపించింది.

"అన్నా, యాడున్నవే? నీకొకటి జూపియ్యాలె. జర చూసి ఏం తక్కువున్నదో జెప్పాలె."

అవతల దేవదానం అన్నాడు:

"నా మీద కోపంల ఉన్నవనుకున్నరా ఇన్నొద్దులు. నేనొస్తే బట్ట కప్పుతున్నవ్. నేను జెప్పిన సాక్ష్యానికే గట్ల జేస్తున్నవనుకున్న."

యాదగిరి ఫోను చెవికి ఆనించుకుని, నా వైపు తిరగకుండా, సాధనాన్ని తువ్వాలులో గబగబా చుట్టుకున్నాడు. "ఆడనే ఉండు అన్నా, ఒస్తున్న, ఒస్తున్న" అంటూ మెట్లు దిగిపోయాడు. రసీదు నా బల్ల మీదే మరిచిపోయాడు.